ట్రాక్టరు ట్రాలీ, వెనక ఇరుసు గేర్లు: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు

ట్రాక్టరు వెనక హుక్కుకు తగిలించి లాగే, సొంత ఇంజను లేని సరుకు బండి ట్రాలీ. పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెల్లో దీన్ని డబ్బా అని కూడా అంటారు. అమెరికాలో పికప్ ట్రక్కుకు ట్రైలర్ తగిలించి పశువులనో పడవనో గడ్డిమోపులనో తీసుకుపోవడం మామూలు. మన దగ్గర పికప్ వ్యానుకు వెనక మరో బండి కట్టడం అరుదు. ఆ పనంతా ట్రాక్టరుదే. విత్తనాల సంచులు పొలానికి చేరినా, వడ్లు కొనుగోలు కేంద్రానికి చేరినా, ఇసుక ఇంటి ముందు పడినా మధ్యలో ట్రాలీ ఉంటుంది. లాగే బలం గురించి మాట్లాడేటప్పుడు అందరూ ఇంజను హార్స్‌పవర్‌నే అడుగుతారు. నిజానికి ఆ ప్రశ్నకు సగానికి పైగా జవాబు వెనక ఇరుసులోనే దొరుకుతుంది: లోపలి గేర్లలో, పైన పడే బరువులో.

ప్రాంతం, సరుకు

ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి విడివడ్డాయి. కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న గద్వాల, అలంపూర్ ప్రాంతం నడిగడ్డ. ఇక్కడ నల్లరేగడి ఎక్కువ. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఎర్ర చెలకలు ఎక్కువ. ఎండాకాలం రెండింటి మీదా ట్రాలీ ఒకేలా పోతుంది. వాన పడ్డాక చెలకలో నీరు తొందరగా ఇంకిపోతుంది కాబట్టి మర్నాటికే బండి కదులుతుంది. రేగడిలో మట్టి టైరు గాడుల్లో నిండిపోయి చక్రం నున్నటి డ్రమ్ములా తయారవుతుంది. ఇక అది తిరుగుతుంది తప్ప ముందుకు పోదు.

జూరాల కాలువలు, ఆ తర్వాత నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతలు వచ్చాక వేరుశనగ, ఆముదం, జొన్నల పక్కన వరి బాగా పెరిగింది. గద్వాల చుట్టుపక్కల విత్తన పత్తి సాగు దేశంలోనే పేరున్నది. పంట మారితే ట్రాలీ మీద బరువు కూడా మారుతుంది. మామూలు ట్రాలీ సుమారు 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు ఉంటుందనుకుంటే దానిలో పట్టేది దాదాపు 3.4 ఘనపు మీటర్లు. అంచు వరకు వేరుశనగ కాయ నింపితే ఒక టన్నుకు అటూ ఇటూ. వడ్లు నింపితే రెండు టన్నులు. తడి ఇసుక నింపితే ఆరు టన్నులు దాటుతుంది. పత్తి అయితే చూడడానికి కొండలా ఉండి తూకంలో తేలిపోతుంది. డ్రైవరు కంటికి మాత్రం ఇవన్నీ నిండిన ట్రాలీలే. అయిదు టన్నులకు చేసిన ఇరుసు, కమాన్ కట్టలు, టైర్లు ఇసుక ట్రిప్పులతోనే ముందుగా దెబ్బతినడానికి కారణం ఇదే. తుంగభద్ర, కృష్ణా ఒడ్డు ఊళ్లలోనూ దుందుభి వాగు వెంబడీ ఇసుక తోలిన ట్రాలీని వంగిన అడుగు రేకు, ఇరుసు చూసి గుర్తుపట్టవచ్చు.

ఎడ్లబండి ఇంకా పూర్తిగా పోలేదు. పెబ్బేరు సంతలో ఎద్దుల బేరాలు ఇప్పటికీ సాగుతున్నాయి. కానీ బరువు మోసే పని చాలావరకు ట్రాక్టరుకు మారిపోయింది. దేశంలో ట్రాక్టర్ల తయారీ 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్‌తో మొదలైంది. 1960లో మద్రాసులో టాఫే, 1963లో మహీంద్రా–ఇంటర్నేషనల్ భాగస్వామ్యం, 1971లో హెచ్‌ఎంటీ, 1974లో స్వరాజ్ వచ్చాయి. 2013లో జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం మొదలైంది. ఈ జిల్లాల్లో పాత బండి వయసు చెప్పేది నంబరు ప్లేటు. ఏపీ 22 అంటే ఉమ్మడి రాష్ట్రం నాటిది, టీఎస్ 06 అంటే తెలంగాణ వచ్చాక మహబూబ్‌నగర్‌లో నమోదైనది. టీఎస్ 31, 32, 33 వరుసగా నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల జిల్లాలవి. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీఎస్ బదులు టీజీ వచ్చింది. నది దాటి వచ్చిన పాత కర్నూలు బండ్లకు ఏపీ 21 ఉంటుంది.

వెనక ఇరుసులో ఏం జరుగుతుంది

ఇంజను వేగంగా, తక్కువ మెలితో (టార్క్‌తో) తిరుగుతుంది. చక్రానికి కావలసింది దానికి తిరగేసి: నెమ్మదిగా, ఎక్కువ మెలితో. వేగం తగ్గించి మెలి పెంచే పని మొదట గేరుబాక్సులో, తర్వాత వెనక ఇరుసులో జరుగుతుంది. ఇరుసు మధ్యలో చిన్న పినియన్, దాని పక్కన పెద్ద క్రౌన్ చక్రం ఉంటాయి. క్రౌన్ పళ్లను పినియన్ పళ్లతో భాగిస్తే వచ్చేదే ఇరుసు నిష్పత్తి. పాత మహీంద్రా జీపులో క్రౌన్‌కు 43 పళ్లు, పినియన్‌కు 8 పళ్లు, నిష్పత్తి దాదాపు 5.38. అంటే ప్రొపెల్లర్ షాఫ్టు 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపులో ఇది 39కి 8, అంటే 4.88. చాలా ట్రాక్టర్లలో క్రౌన్ పినియన్ తర్వాత చక్రాల దగ్గర మరోసారి తగ్గింపు ఉంటుంది, బుల్ గేర్లతోనో ప్లానెటరీ గేర్లతోనో. ట్రాక్టరును జీపు నుంచి వేరు చేసేది ఈ రెండో తగ్గింపే.

అంకెల్లో చూస్తే సంగతి తేటపడుతుంది. 13.6–28 వెనక టైరు ఒక చుట్టుకు సుమారు 4 మీటర్లు పోతుంది. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుండగా ట్రాక్టరు గంటకు 30 కిలోమీటర్లు పోతోందంటే చక్రం నిమిషానికి 125 చుట్లు తిరుగుతున్నట్టు. మొత్తం తగ్గింపు 16 రెట్లు. అదే ఇంజను వేగంతో లో ఫస్టులో గంటకు 2.5 కిలోమీటర్లు పోతుంటే తగ్గింపు 190 రెట్లు. జీపు టాప్ గేరులో ఉన్నది 5.38 రెట్లే.

40 హార్స్‌పవర్ ట్రాక్టరు ఇంజను 2,000 చుట్ల దగ్గర దాదాపు 14.5 కిలోల మీటరు మెలి ఇస్తుంది. టాప్ గేరులో అది చక్రం అంచు దగ్గర సుమారు 360 కిలోల లాగుడు అవుతుంది. గేర్లలో పోయేది పోగా 320 మిగులుతుంది. ట్రాక్టరు రెండు టన్నులు, ట్రాలీ సరుకుతో కలిపి అయిదు టన్నులు అనుకుందాం. చదునైన తారురోడ్డు మీద ఈ ఏడు టన్నులు కదలడానికి 140 కిలోల లాగుడు చాలు. కాబట్టి టాప్ గేరులో హాయిగా పోతుంది. వంద మీటర్లకు అయిదు మీటర్ల ఎత్తు లేచే ఏటవాలు వస్తే అదనంగా మరో 350 కిలోలు కావాలి. మొత్తం 490. టాప్ గేరు చేతులెత్తేస్తుంది. రెండు గేర్లు దింపితే గంటకు 15 కిలోమీటర్ల దగ్గర అదే ఇంజను అదే బరువును లాగేస్తుంది. ఇంజను మారలేదు, డీజిలు మారలేదు, మారింది నిష్పత్తి.

ఇక లో ఫస్టు లెక్క చూడండి. కాగితం మీద 4,000 కిలోలు దాటుతుంది. అది అక్కడే ఉండిపోతుంది. వెనక చక్రాల మీద 1,300 కిలోలు పడుతుంటే పొడి తారు మీద టైరు పట్టు సుమారు 900 కిలోలు, తడి రేగడిలో 400 కూడా దాటదు. అంతకంటే ఎక్కువ లాగబోతే చక్రం జారుతుంది. ఏడు టన్నుల బండిని మెత్తటి మడిలోంచి బయటికి తేవాలంటే 800 కిలోలకు పైగా కావాలి. కోత సీజనులో కనిపించే దిగబడ్డ ట్రాక్టర్ల కథంతా ఈ రెండు అంకెల మధ్య ఉంది. ఇలాంటి చోట 40కి బదులు 50 హార్స్‌పవర్ ఇంజను తెచ్చినా ఉపయోగం ఉండదు. గుంట ఇంకాస్త తొందరగా పడుతుందంతే. ఎక్కువ హార్స్‌పవర్‌తో పనయ్యేది రోడ్డు మీద, ఎత్తు మీద వేగంగా పోవడానికి.

హుక్కు మీద బరువు

పట్టు పెరగాలంటే వెనక చక్రాల మీద బరువు పెరగాలి. టైర్లలో నీళ్లు పోయడం, చక్రాలకు ఇనుప దిమ్మెలు బిగించడం అందుకే. అన్నిటికంటే చవకైన ఉపాయం ట్రాలీలోనే ఉంది. రెండు చక్రాల ట్రాలీకి ఇరుసు నడిమి కంటే కాస్త వెనక ఉంటుంది కాబట్టి సరుకు బరువులో కొంత ముందుకు వాలి హుక్కు మీద పడుతుంది. అయిదు టన్నుల్లో పది శాతం పడితే 500 కిలోలు. హుక్కు ఇరుసు కంటే వెనక ఉండడం వల్ల వెనక చక్రాలు దాన్ని 500 కంటే ఎక్కువగానే మోస్తాయి. నాలుగు చక్రాల ట్రాలీ తన బరువు తానే మోసుకుంటుంది, హుక్కు మీద పెద్దగా వేయదు. తారు మీద అది నిలకడగా పోతుంది, బురదలో మాత్రం ట్రాక్టరుకు సాయం చేయదు.

దీనికి ఒక హద్దు ఉంది. బస్తాలన్నీ ముందుకు పేర్చితే ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు పని చేయదు. వెనక్కి పేర్చితే హుక్కు పైకి లేస్తుంది, వెనక చక్రాల పట్టు పోతుంది, రోడ్డు మీద ట్రాలీ తోకాడిస్తుంది. అమెరికా పికప్ ట్రక్కులవాళ్లు కూడా ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద ఉండేలా చూసుకోమనే చెబుతారు.

హుక్కు ఎత్తు ఇంకా పెద్ద విషయం. లాగే చోటు వెనక ఇరుసు కంటే కింద ఉంటే ముందు చక్రాలు పైకి లేచే ప్రమాదం తక్కువ. దిగబడ్డ ట్రాలీని లాగడానికి గొలుసును ఇరుసు కంటే పైన, టాప్ లింకు దగ్గర కట్టిన ట్రాక్టరు నిలువునా వెనక్కి తిరగబడుతుంది. క్లచ్ వదలడానికి కూడా సమయం దొరకదు. ఈ ప్రమాదంలో బతికి బయటపడేవాళ్లు తక్కువ. గొలుసు ఎప్పుడూ కింది డ్రాబారుకే కట్టాలి.

ఒక చక్రం బురదలో, ఇంకొకటి గట్టి నేల మీద ఉన్నప్పుడు డిఫరెన్షియల్ బురదలోని చక్రాన్నే తిప్పుతుంది. డిఫరెన్షియల్ లాక్ పెడలు తొక్కితే రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి. బండిని తిప్పేటప్పుడు దాన్ని తొక్కి ఉంచితే ఇరుసు మీద, క్రౌన్ పళ్ల మీద భారం పడుతుంది. నాలుగు చక్రాల డ్రైవు ఉన్న ట్రాక్టర్లలో ముందు చక్రాలను వెనక వాటికంటే కొద్ది శాతం వేగంగా తిరిగేలా అమర్చుతారు. మడిలో ఆ తేడా జారుడులో కలిసిపోతుంది. తారు మీద అదే తేడా టైర్లను అరగదీస్తుంది, గేర్లను బిగబట్టేస్తుంది. అందుకే రోడ్డెక్కగానే దాన్ని తీసేయాలి.

పాత బండి

పాత ట్రాక్టరు లాగలేదు అనడం సరికాదు. దాని గేర్లు, ఇరుసు కొత్త బండి కంటే లావుగా, మొరటుగా ఉంటాయి. ఇబ్బంది వేరే చోట ఉంది. పాత మోడళ్లలో చాలావాటికి స్లైడింగ్ మెష్ గేరుబాక్సు. పళ్లు పక్కకు జరిగి ఒకదాన్నొకటి పట్టుకోవాలి కాబట్టి బండి పోతుండగా గేరు మార్చడం కష్టం. బరువుతో ఎత్తు ఎక్కుతూ మధ్యలో గేరు దింపబోతే న్యూట్రల్‌లో పడి బండి వెనక్కి జారుతుంది. అందుకే పాత బండి తోలేవాళ్లు కాలువ కట్ట ఎక్కకముందే, నేల చదునుగా ఉన్నచోటే ఆగి లో గేరు వేసుకుంటారు. కట్ట దిగేవరకూ దాన్ని మార్చరు. పాలమూరు నేల చాలావరకు చదునే. అయినా ఎత్తిపోతల కాలువలు వచ్చాక పొలం నుంచి రోడ్డుకు పోవాలంటే ఒక పొట్టి నిటారు కట్ట ఎక్కి దిగక తప్పదు. ఎక్కువ ట్రాలీలు బోల్తా పడేది అలాంటి చోట్లే. నాగర్‌కర్నూల్ జిల్లాలో మన్ననూరు ఘాటు, ఈగలపెంట దిగుడు ఇంకో రకం: పొడవైన ఏటవాలు, వంపులు, శ్రీశైలం పోయే బస్సులు. బరువున్న ట్రాలీతో అటు పోకపోవడమే మంచిది.

పాత ఇరుసు అరుగుదలను చెవితో పట్టుకోవచ్చు. లాగేటప్పుడు ఊళపెట్టి, కాలు తీయగానే ఆగిపోయే శబ్దం క్రౌన్ పినియన్ పళ్లు ముందు వైపు అరిగాయని చెబుతుంది. కాలు తీసినప్పుడే వచ్చే శబ్దం పళ్ల వెనక వైపుది. గేరు వేసి క్లచ్ వదలగానే టక్కుమని కొట్టుకుంటే పళ్ల మధ్య సందు పెరిగినట్టు. క్రౌన్, పినియన్‌లను ఎప్పుడూ జతగానే మార్చాలి, ఎందుకంటే కర్మాగారంలో వాటిని ఒకదానితో ఒకటి ఒరిపిడి పట్టి జత చేస్తారు. పినియన్ ఒక్కటి కొని వేస్తే డబ్బు మిగిలినట్టే ఉంటుంది, కొన్నాళ్లకు రెండూ పోతాయి. ఇరుసు కొసల్లో ఆయిల్ సీలు పాడైతే గేర్ ఆయిల్ కారి బ్రేకు లైనింగులోకి పోతుంది. అప్పుడు ఒక చక్రం ఆగుతుంది, మరొకటి ఆగదు. బరువున్న ట్రాలీ వెనక నుంచి తోస్తుండగా ఇది జరిగితే ట్రాక్టరు అడ్డం తిరుగుతుంది. 2016లో హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగం మూతపడే నిర్ణయం జరిగాక ఆ బండ్లు ఉన్నవాళ్లకు విడిభాగాల వెతుకులాట ఎక్కువైంది. పాత బండిని విప్పి ఇంకో పాత బండిని నిలబెట్టే షెడ్లే ఇప్పుడు దిక్కు.

టైరు సైజు మార్చడం కూడా నిష్పత్తి మార్చడమే. 12.4–28 ఉన్న చోట 13.6–28 వేస్తే చుట్టుకొలత దాదాపు 4 శాతం పెరుగుతుంది. బండి ఆ మేరకు వేగంగా పోతుంది, ఆ మేరకు లాగుడు తగ్గుతుంది.

జీపులు, పికప్‌లు

పాత కమాండర్ జీపులు ఈ జిల్లాల్లో మనుషుల్ని మోశాయి, బొలెరో పికప్‌లు కొల్లాపూర్ మామిడి, కూరగాయలు మోస్తున్నాయి. వీటిలో దేనికైనా వెనక రెండు చక్రాల చిన్న ట్రైలర్ తగిలించవచ్చు. ఇరుసు నిష్పత్తి ఎంతో తెలుసుకోవడానికి డిఫరెన్షియల్ మూత విప్పనక్కరలేదు. వెనక రెండు చక్రాలూ నేలకు అంటకుండా జాకీల మీద గట్టిగా నిలిపి, బండి న్యూట్రల్‌లో ఉంచి, రెంటినీ ఒకే వైపు 10 చుట్లు తిప్పుతూ ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడితే చాలు. పాత జీపులో దాదాపు 54 వస్తుంది. అమెరికా పికప్‌లలో ఇదే లెక్కకు 37 అంటే 3.73, 41 అంటే 4.10. అక్కడ ఒకే మోడలు, ఒకే ఇంజను ఉన్న రెండు ట్రక్కుల్లో 4.10 ఉన్నదానికి కంపెనీ ఎక్కువ బరువు లాగే అనుమతి ఇస్తుంది. 3.08 లాంటి తక్కువ నిష్పత్తి ఉన్నదానికి డీజిలో పెట్రోలో తక్కువ అవుతుంది, అనుమతి కూడా తక్కువే. నాలుగు చక్రాల డ్రైవు జీపులో వెనక ఇరుసు ఒక్కటే మార్చి ముందుది పాత నిష్పత్తిలో వదిలేస్తే రెండు ఇరుసులూ ఒకదానితో ఒకటి పోట్లాడి ట్రాన్స్‌ఫర్ కేసును విరగ్గొడతాయి.

ఆపడం

లాగడం కంటే ఆపడం కష్టం. ట్రాక్టరుకు బ్రేకులు సాధారణంగా వెనక చక్రాలకే, పల్లెల్లో తిరిగే ట్రాలీల్లో చాలావాటికి అసలే ఉండవు. ఇసుక నింపిన ట్రాలీ తన బరువుతో కలిపి ఏడున్నర టన్నులు, దాన్ని ఆపాల్సింది రెండు టన్నుల ట్రాక్టరు. దిగుడులో న్యూట్రల్ వేస్తే డీజిలు మిగులుతుందనే నమ్మకం ఇంకా ఉంది. న్యూట్రల్ వేయగానే ఇంజను పట్టు పోయి మొత్తం భారం బ్రేకుల మీద పడుతుంది. ఎక్కిన గేరులోనే దిగడం పాత డ్రైవర్ల పద్ధతి. పొలంలో మలుపు కోసం ఎడమ, కుడి చక్రాలకు వేరువేరు బ్రేకు పెడళ్లు ఉంటాయి. రోడ్డెక్కేముందు వాటిని గొళ్లెంతో కలపకపోతే గట్టిగా తొక్కినప్పుడు ఒక చక్రమే ఆగి బండి పక్కకు లాగేస్తుంది.

44వ జాతీయ రహదారి మీద కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి చౌరస్తా, అలంపూర్ చౌరస్తాల మధ్య రాత్రిపూట పెద్ద అపాయం వెనక నుంచి వస్తుంది. గంటకు 25 కిలోమీటర్లతో పోయే, వెనక లైటు లేని ట్రాలీని గంటకు 90తో వచ్చే కారు చూసేసరికి దూరం మిగలదు. వంద రూపాయల రిఫ్లెక్టర్ టేపు ఇక్కడ ఏ గేరు కంటే ఎక్కువ పని చేస్తుంది.

చట్టం

1988 మోటారు వాహనాల చట్టం లెక్కలో ట్రాక్టరు తాను బరువు మోయడానికి కట్టినది కాదు, ట్రాలీ విడిగా నమోదు కావలసిన వాహనం. ఆ చట్టంలోని 61వ సెక్షను ప్రకారం ట్రాలీకి సొంత నంబరు ఉండాలి, లాగే ట్రాక్టరు నంబరు కూడా ట్రాలీ మీద కనిపించాలి. ట్రాక్టరు లైసెన్సు ఉన్నవాడు ట్రాలీ తగిలించినంత మాత్రాన లైసెన్సు లేనివాడు కాడని సుప్రీంకోర్టు 2001లో నాగశెట్టి కేసులో తేల్చింది. సాగుకు నమోదైన ట్రాక్టరుతో కిరాయికి ఇసుక, ఇటుకలు తోలడం, ట్రాలీలో మనుషుల్ని ఎక్కించడం వేరే సంగతులు. విత్తన పత్తి కూలీలూ మల్దకల్ జాతర యాత్రికులూ ట్రాలీలోనే పోతుంటారు. బోల్తా పడితే పరిహారం దగ్గర బీమా కంపెనీ మొదట ఎత్తే అభ్యంతరం ఇదే.

పంచాయతీ ట్రాక్టర్లు

2019లో ప్రభుత్వ పల్లె ప్రగతి కార్యక్రమం మొదలయ్యాక రాష్ట్రంలోని 12,769 గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీళ్ల ట్యాంకరు సమకూర్చే పని జరిగింది. దానితో సొంత పొలం లేని ఊరి యువకులు కూడా లాగుడు బండి తోలడం నేర్చుకున్నారు. చెత్త ట్రాలీ తేలిక, పెద్దగా ఇబ్బంది పెట్టదు. ట్యాంకరు అలా కాదు. 5,000 లీటర్లు నింపితే నీళ్ల బరువే అయిదు టన్నులు. పూర్తిగా నిండినప్పటి కంటే మొక్కలకు పోస్తూ సగమైనప్పుడు అది మొండికేస్తుంది. బ్రేకు వేయగానే నీళ్లు ముందుకు ఉరికి హుక్కు మీద పడతాయి, కదలగానే వెనక్కి పోయి హుక్కును ఎత్తేస్తాయి, మలుపులో పక్కకు వాలతాయి. ట్యాంకులో అడ్డుపలకలు ఉంటే ఈ ఊపు తగ్గుతుంది. లేని ట్యాంకరును పూర్తిగా నింపి గానీ, పూర్తిగా ఖాళీ చేసి గానీ రోడ్డెక్కించాలి. సగం నీళ్లతో కట్ట మీద మలుపు తిప్పాల్సి వస్తే లో గేరులో, నడక వేగంతో పోవాలి.